చేపల శాఖ ఓడ డైవింగ్ స్పాట్ ఎలా అయింది? రెయిన్‌బో వారియర్ అసలు కథ

ఈ రోజు ఒక ఓడ గురించి మాట్లాడుకుందాం. ఈ ఓడకి రెండు పేర్లు, మూడు ఉద్యోగాలు. మొదటిది గవర్నమెంట్ ఉద్యోగం. పట్టిన చేప పాడవకుండా ఎలా ఉంచాలో కనిపెట్టడం దాని పని. రెండో ఉద్యోగంలో గవర్నమెంట్లతోనే గొడవ పెట్టుకుంది. మూడో ఉద్యోగం ఇప్పటికీ చేస్తోంది: న్యూజిలాండ్ ఉత్తర తీరంలో, 26 మీటర్ల లోతున, ఇసుక మీద కదలకుండా ఉంది. పైన డైవింగ్ బోట్లు వచ్చి ఆగుతాయి, టూరిస్టులు సిలిండర్ తగిలించుకుని కిందికి దిగి దాన్ని చూసి వస్తారు.

వినడానికి సరదాగా ఉంది కదా. కానీ రెండో ఉద్యోగానికీ మూడో ఉద్యోగానికీ మధ్య ఒక మనిషి చనిపోయాడు. అది యాక్సిడెంట్ కాదు. ఒక దేశ ప్రభుత్వం, తన సొంత గూఢచారుల్ని పంపి, స్నేహంగా ఉన్న ఇంకో దేశం రేవులో పెట్టించిన బాంబు అది. అక్కడ డైవ్ చేసేవాళ్ళలో ఈ కథ సగం తెలిసినవాళ్ళే ఎక్కువ. మనం పూర్తిగా తెలుసుకుందాం.

ముందు ఒక బేసిక్ విషయం. సముద్రం ఉన్న చాలా దేశాల్లో చేపల శాఖకి ఓడలు ఉంటాయి. వాటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పెట్రోలింగ్ ఓడ, అంటే సముద్రం మీద పోలీసు బండి లాంటిది. ఎవరు ఎక్కడ వల వేస్తున్నారు, వల కన్ను సైజు ఎంత, లైసెన్స్ ఉందా, పక్క దేశం ట్రాలర్లు లోపలికి వచ్చాయా... ఇదంతా చూస్తుంది. రెండోది రీసెర్చ్ ఓడ. చేపలు ఎన్ని ఉన్నాయి, ఏ లోతులో ఉన్నాయి, పట్టాక ఎలా ఉంచాలి అనే సైన్స్ చూసేది ఇది. వైజాగ్‌లో కూడా ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ బేస్ ఉంది, అలాంటి పనికే.

ఈ రెండు రకాల ఓడలకీ ఒక కామన్ పాయింట్ ఉంది. రిటైర్ అయ్యాక వీటికి భలే గిరాకీ. ఎందుకంటారా? వారాల తరబడి రేవుకి రాకుండా సముద్రంలో ఉండేలా కడతారు. అలలకి తట్టుకునే గట్టి ఒళ్ళు, నీళ్ళకీ డీజిల్‌కీ పెద్ద ట్యాంకులు, మనుషులు పడుకోవడానికి క్యాబిన్లు, వెనక పని చేసుకోవడానికి ఖాళీ డెక్, బరువులు ఎత్తే వించ్‌లు. గవర్నమెంట్ కాబట్టి మెయింటెనెన్స్ రికార్డు ఉంటుంది. వయసైపోయిందని అమ్మేటప్పుడు రేటూ తక్కువే. డైవింగ్ ట్రిప్పులు నడిపేవాళ్ళకి సరిగ్గా ఇవే కావాలి: పది ఇరవై మందిని ఎక్కించుకుని, వాళ్ళ సిలిండర్లు, కంప్రెసర్ వెనక డెక్ మీద పెట్టుకుని, దూరంగా వెళ్ళి వారం ఉండగలిగే ఓడ. ఉద్యమాలు చేసేవాళ్ళకీ అదే కావాలి.

స్కాట్లండ్‌లో ఆబర్డీన్ అనే ఊళ్ళో హాల్ రసెల్ అని ఒక ఓడల కంపెనీ ఉండేది. 1975లో వాళ్ళు వెస్ట్రా అనే పెట్రోలింగ్ ఓడని స్కాట్లండ్ చేపల శాఖకి కట్టి ఇచ్చారు. పాతికేళ్ళకి పైగా దొంగ వేట చేసే ట్రాలర్లని తరిమింది. రిటైర్ అయ్యాక 2006లో సీ షెపర్డ్ అనే సంస్థ కొనుక్కుంది. ఆ తర్వాత అదే ఓడ, స్టీవ్ ఇర్విన్ అనే కొత్త పేరుతో, అంటార్కిటికా దగ్గర జపాన్ తిమింగలాల వేట ఓడల వెంట పడింది. అప్పటిదాకా పోలీసు బండి, ఆ తర్వాత జపాన్ వాళ్ళ దృష్టిలో సముద్రపు రౌడీ. ఓడ మాత్రం అదే, చేసే పనీ దాదాపు అదే! ఇంకో తమాషా: వెస్ట్రా, దాని అక్క ఓడ జురా డిజైన్ చూసి బ్రిటిష్ నేవీ తనకీ అలాంటివి కట్టించుకుంది, అదే యార్డ్‌లో. వాటిలో చాలావరకు తర్వాత బంగ్లాదేశ్ నేవీ కొనుక్కుంది. అంటే ఆ కుటుంబం మన బంగాళాఖాతం దాకా వచ్చిందన్నమాట.

ఇప్పుడు మన హీరో దగ్గరికి వద్దాం. అదే ఆబర్డీన్, అదే హాల్ రసెల్ యార్డ్, కానీ వెస్ట్రా కన్నా 20 ఏళ్ళు పెద్దది. 1955లో నీళ్ళలోకి దిగింది. పేరు సర్ విలియం హార్డీ. ఆహారం పాడవకుండా ఉంచే సైన్స్‌కి బ్రిటన్‌లో పునాది వేసిన శాస్త్రవేత్తల్లో ఒకరి పేరు అది. పొడవు సుమారు 40 మీటర్లు. మరీ పెద్దదేం కాదు, రెండు రైలు బోగీల కన్నా కొంచెం తక్కువ.

ఇది బ్రిటన్‌లో కట్టిన మొదటి డీజిల్ ఎలక్ట్రిక్ ట్రాలర్. అంటే ఇంజన్ నేరుగా ఫ్యాన్‌ని తిప్పదు. ఇంజన్ కరెంటు తయారుచేస్తుంది, ఆ కరెంటుతో మోటార్ తిరుగుతుంది, మోటార్ ఫ్యాన్‌ని తిప్పుతుంది. మన డీజిల్ రైలింజన్లు కూడా ఇదే పద్ధతి. వల లాగేటప్పుడు నెమ్మదిగా, ఒకే స్పీడ్‌లో వెళ్ళాలంటే ఇది బాగా పనికొస్తుంది.

దీని పని ఏంటో చెప్తాను, నాకు బాగా నచ్చిన పార్ట్ ఇది. చేపల మార్కెట్‌కి వెళ్తే మన అమ్మ ఏం చేస్తుంది? ముందు మొప్ప ఎత్తి చూస్తుంది, ఎర్రగా ఉందా, రంగు మారిందా అని. కన్ను ఉబ్బి మెరుస్తోందా, లోపలికి గుంట పడిందా చూస్తుంది. వేలితో నొక్కుతుంది. నొక్కినచోట గుంట అలాగే ఉండిపోతే "వద్దులే" అని పక్క బుట్ట దగ్గరికి వెళ్ళిపోతుంది. ఈ చూపునే బ్రిటన్ వాళ్ళు సైన్స్ చేశారు. ఆబర్డీన్‌లో టోరీ రీసెర్చ్ స్టేషన్ అని ఒక ప్రభుత్వ ల్యాబ్ ఉండేది. అక్కడ ట్రైనింగ్ ఇచ్చిన మనుషులు చేపని ఉడికించి, వాసన చూసి, రుచి చూసి మార్కులు వేసేవాళ్ళు. 10 అంటే ఇప్పుడే పట్టిన చేప. అడుగున 3 అంటే చెత్తబుట్టే. దీన్నే టోరీ స్కోర్ అంటారు. చేపల ఇండస్ట్రీలో ఈ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

అయితే ఇంత కష్టం ఎందుకు? బ్రిటన్ ట్రాలర్లు ఐస్‌లాండ్ దాకా, ఇంకా పైకి ఆర్కిటిక్ దాకా వెళ్ళి, వారాల తర్వాత తిరిగొచ్చేవి. మొదటి రోజు పట్టిన చేప ఇంటికొచ్చేసరికి ముసలిదైపోయేది. ఐస్ ఎంత వెయ్యాలి, ఎలా పేర్చాలి, సముద్రంలోనే గడ్డ కట్టిస్తే ఎలా ఉంటుంది, ఇదంతా ఒడ్డున ల్యాబ్‌లో కూర్చుంటే తేలదు. నిజంగా సముద్రంలోకి వెళ్ళి, వల వేసి, పట్టి చూడాలి. టోరీ శాస్త్రవేత్తల తేలే ల్యాబ్ ఈ ఓడ. సుమారు ఇరవై ఏళ్ళు ఎవరికీ పెద్దగా తెలియకుండా, బుద్ధిగా ఈ పని చేసుకుంది.

1977కి గవర్నమెంట్ దీన్ని అమ్మేస్తోంది. లండన్‌లో అప్పుడే మొదలైన గ్రీన్‌పీస్ శాఖలో కొద్దిమంది కుర్రాళ్ళు, దాదాపు మీ వయసువాళ్ళే, ఐస్‌లాండ్ తిమింగలాల వేట ఆపడానికి ఓడ వెతుక్కుంటున్నారు. డబ్బు సొంతం లేదు. నెదర్లాండ్స్‌లోని వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ సాయం చేసింది. కొన్నారు. తుప్పు గీకారు, ఆకుపచ్చ రంగు వేశారు, పక్కన ఇంద్రధనుస్సు, ముందు ఆలివ్ కొమ్మ పట్టుకున్న పావురం గీశారు. పేరు రెయిన్‌బో వారియర్. ఈ పేరు వెనకున్న ఆలోచన గ్రీన్‌పీస్ మొదటి తరంలోని రాబర్ట్ హంటర్ వల్ల పాపులర్ అయింది. ఒక పుస్తకంలో చదివిన జోస్యం అది: భూమి పాడైపోయినప్పుడు ఇంద్రధనుస్సు యోధులు వస్తారని. అమెరికా ఆదివాసుల జోస్యం అని ఆ పుస్తకం చెప్తుంది కానీ, నిజంగా వాళ్ళదేనా అని చాలామందికి అనుమానం. ఏదైనా పేరు మాత్రం నిలబడింది. ఇందాక చెప్పిన వెస్ట్రా ఓడ గుర్తుందా? సీ షెపర్డ్ వాళ్ళు దానికి స్టీవ్ ఇర్విన్ కన్నా ముందు పెట్టిన పేరు రాబర్ట్ హంటర్. ఒకే యార్డ్ ఓడలు, ఇద్దరికీ ఒకే మనిషితో చుట్టరికం.

1978 నుంచి ఈ ఓడ చేసిన అల్లరి అంతా చెప్పాలంటే మూడు ఎపిసోడ్లు కావాలి. ఒక్క స్పెయిన్ సంగతి చెప్తాను. 1980లో స్పెయిన్ తిమింగలాల వేటకి అడ్డం వెళ్తే, స్పెయిన్ నేవీ ఓడని పట్టుకుని ఎల్ ఫెరోల్ అనే నేవీ రేవులో కట్టేసింది. పారిపోకుండా ఒక తెలివైన పని చేశారు. థ్రస్ట్ బ్లాక్ అనే భాగాన్ని విప్పి తీసుకుపోయారు. ఫ్యాన్ నీళ్ళని వెనక్కి తోస్తే, ఆ తోపు ఓడ ఒంటికి అందేది ఈ బ్లాక్ ద్వారానే. అది లేకుండా ఫ్యాన్ తిప్పితే షాఫ్ట్ ముందుకొచ్చి ఇంజన్ రూమ్‌ని నాశనం చేస్తుంది తప్ప ఓడ కదలదు. ఐదు నెలలు అలా ఉంచారు. సిబ్బంది ఏం చేశారు? బయట ఇంకో థ్రస్ట్ బ్లాక్ సంపాదించి, కాపలావాళ్ళ కళ్ళు కప్పి ఓడలోకి చేర్చి, బిగించి, నవంబర్‌లో ఒక రాత్రి చెప్పా పెట్టకుండా జారుకున్నారు. నేవీ రేవు నుంచి! సినిమాలో పెడితే లాజిక్ లేదంటాం.

ఇక 1985. అప్పటికి ఇంజన్లు మార్చారు, తెరచాపలు కూడా కట్టారు. డీజిల్ ఆదా అవ్వాలి కదా, వెళ్ళేది పసిఫిక్.

పసిఫిక్ మధ్యలో మార్షల్ దీవులు. అక్కడ రొంగెలాప్ అనే చిన్న దీవుల గుంపు. 1954 మార్చి 1న అమెరికా పక్కనున్న బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పేల్చింది. పేరు క్యాజిల్ బ్రావో, 15 మెగాటన్నులు. వాళ్ళు వేసుకున్న లెక్క కన్నా చాలా పెద్ద పేలుడు. కొన్ని గంటల్లో రొంగెలాప్ మీద తెల్లటి పొడి రాలింది. పిల్లలు దాంతో ఆడుకున్నారు. అది రేడియోధార్మిక బూడిద. తర్వాత జనాన్ని ఖాళీ చేయించి, 1957లో "ఇప్పుడు సేఫ్, వెళ్ళండి" అని వెనక్కి పంపారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి థైరాయిడ్ గడ్డలు, గర్భస్రావాలు. మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకెళ్ళండి అని వాళ్ళు ఎంత అడిగినా అమెరికా వినిపించుకోలేదు. చివరికి వాళ్ళ సెనేటర్ జెటన్ అంజైన్ గ్రీన్‌పీస్‌ని అడిగారు.

ఆ ఏడు మే నెలలో ఈ ఓడ రొంగెలాప్ వెళ్ళింది. మూడు వందల మందికి పైగా జనం. ఇళ్ళు విప్పేసి కలప, రేకులు కూడా ఎక్కించారు, అక్కడ మళ్ళీ కట్టుకోవాలి కదా. సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెజాటో అనే దీవికి పలు ట్రిప్పులు వేసి, పదిరోజుల్లో అందర్నీ చేర్చింది. చేప మీద రీసెర్చ్ చేసిన ఓడలో ముసలివాళ్ళు, పసిపిల్లలు, కోళ్ళు, పరుపులు. నన్నడిగితే ఈ ఓడ చేసిన అన్నిట్లో పెద్ద పని ఇదే. తిమింగలాల ఫోటోలకి వచ్చినంత పేరు దీనికి రాలేదు. దీన్ని ఫోటోలు తీసింది ఫెర్నాండో పెరెయిరా. పోర్చుగల్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో స్థిరపడిన ఫోటోగ్రాఫర్. 35 ఏళ్ళు. ఇద్దరు పిల్లల తండ్రి.

అక్కడి నుంచి ఓడ న్యూజిలాండ్ వచ్చింది, జూలై 7న. ఆక్లండ్‌లో మార్స్‌డెన్ వార్ఫ్ దగ్గర కట్టారు. ప్లాన్ ఏంటంటే, ఫ్రాన్స్ తన అణు పరీక్షలు చేసే మురురోవా దీవికి చిన్న పడవల్ని వెంటబెట్టుకుని వెళ్ళి నిరసన చెప్పడం. ఈ ప్లాన్ ఫ్రాన్స్‌కి ముందే తెలుసు. ఎందుకంటే వాళ్ళ గూఢచార సంస్థ డీజీఎస్ఈ నుంచి ఒకామె అంతకు కొన్ని నెలల ముందే మారుపేరుతో ఆక్లండ్ గ్రీన్‌పీస్ ఆఫీసులో వాలంటీర్‌గా చేరి, కవర్లు అంటిస్తూ, అన్నీ చూసి వెళ్ళిపోయింది.

జూలై 10 రాత్రి. ఓడలో ఒకరి బర్త్‌డే పార్టీ అయింది, కొందరు వెళ్ళిపోయారు, కొందరు కబుర్లు చెప్పుకుంటున్నారు, కెప్టెన్ పీటర్ విల్‌కాక్స్ నిద్రలో ఉన్నాడు. 11 గంటల 38 నిమిషాలకి ఇంజన్ రూమ్ దగ్గర పేలింది. లైట్లు పోయాయి, నీళ్ళు లోపలికి వచ్చేశాయి. కెప్టెన్ అందర్నీ దిగిపొమ్మన్నాడు. కొద్ది నిమిషాల్లో రెండోది పేలింది, వెనక ఫ్యాన్ దగ్గర. ఆ మధ్యలో ఫెర్నాండో కిందికి వెళ్ళాడు, కెమెరాలు తెచ్చుకోవడానికే అని తోటివాళ్ళు నమ్ముతారు. బయటికి రాలేదు. నీళ్ళలో మునిగి చనిపోయాడు.

బాంబులు పెట్టింది ఎవరంటే డైవర్లు. ఫ్రెంచ్ మిలిటరీ ఫ్రాగ్‌మెన్. చీకట్లో రబ్బరు పడవలో వచ్చి, నీళ్ళ కిందుగా ఈదుకుంటూ ఓడ అడుగుకి వెళ్ళి తగిలించి వెళ్ళారు. ఇప్పుడు టూరిస్టులు సరదాగా ఈదే ఓడ అడుగు అదే. ఇది గుర్తుపెట్టుకోండి.

ఎలా దొరికారో చూడండి. ఆక్లండ్‌లో ఒక బోట్ క్లబ్ దగ్గర దొంగతనాలు ఎక్కువయ్యాయని లోకల్ వాళ్ళు కాపలా కాస్తున్నారు. ఆ రాత్రి ఒక రబ్బరు పడవ వచ్చింది, అందులోని మనిషి క్యాంపర్ వ్యాన్ ఎక్కాడు. వీళ్ళకి అనుమానం వచ్చి వ్యాన్ నంబర్ రాసుకున్నారు. అంతే. ఒక దేశపు గూఢచార సంస్థ నెలల తరబడి వేసిన ప్లాన్, బోటు దొంగల కోసం మేలుకున్న మామూలు మనుషుల దగ్గర బోర్లా పడింది. రెండు రోజుల్లో ఆ అద్దె వ్యాన్‌ని వెనక్కి ఇవ్వడానికి వచ్చిన జంట దొరికిపోయింది. స్విస్ పాస్‌పోర్టులు, హనీమూన్ కథ. నిజానికి ఇద్దరూ ఫ్రెంచ్ ఏజెంట్లు, అలాన్ మఫార్, డొమినిక్ ప్రియ్యూర్.

ఫ్రాన్స్ మొదట తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది, తర్వాత కాదంది, విచారణ వేసి మాకు సంబంధం లేదంది. పత్రికలు వదల్లేదు. సెప్టెంబర్‌లో రక్షణ మంత్రి చార్ల్స్ ఎర్న్యూ రాజీనామా చేశాడు, రెండు రోజులకి ప్రధాని లొరాఁ ఫాబియస్ టీవీ ముందుకొచ్చి ఒప్పుకున్నాడు. అవును, మా ఏజెంట్లే, ఆర్డర్ ప్రకారమే చేశారని.

శిక్ష సంగతి? ఇక్కడే కడుపు మండుతుంది. ఇద్దరికీ న్యూజిలాండ్ కోర్టు పదేళ్ళు వేసింది. ఫ్రాన్స్ వ్యాపారపరంగా ఒత్తిడి తెచ్చింది. 1986లో ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ మధ్యవర్తిత్వంతో ఒప్పందం కుదిరింది: ఫ్రాన్స్ క్షమాపణ చెప్పి 70 లక్షల డాలర్లు కట్టాలి, ఏజెంట్లు ఇద్దరూ హావో అనే ఫ్రెంచ్ సైనిక దీవిలో మూడేళ్ళు ఉండాలి. ఆ మూడేళ్ళు కూడా ఉండలేదు. ఒకర్ని అనారోగ్యం అని, ఒకర్ని గర్భవతి అని ముందే ఇంటికి తీసుకెళ్ళిపోయారు. అది ఒప్పందం ఉల్లంఘనే అని 1990లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది కూడా. మిగతా టీమ్ మీద కేసు నడవనే లేదు. 2005లో అప్పటి గూఢచార చీఫ్ అడ్మిరల్ లాకోస్ట్ రాసుకున్న నోట్ ఒక ఫ్రెంచ్ పత్రికలో వచ్చింది, అధ్యక్షుడు మితెరాఁకి ముందే తెలుసు, సరే అన్నాడని. 2015లో బాంబు పెట్టిన డైవర్లలో ఒకరు, జ్యాఁ లూక్ కిస్టర్, కెమెరా ముందు ఫెర్నాండో కుటుంబానికి క్షమాపణ చెప్పాడు. అప్పటికి 30 ఏళ్ళు.

సరే, ఓడ ఏమైంది? ఆగస్టులో నీళ్ళలోంచి లేపి, నేవీ డాక్‌కి తీసుకెళ్ళి, సాక్ష్యాల కోసం పరిశీలించారు. రిపేర్ చేసే స్థితి లేదు. ఇప్పుడు ప్రశ్న: స్క్రాప్‌కి అమ్మేయాలా? మన వైజాగ్ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, అలా ఒడ్డున పెట్టి మ్యూజియం చేయొచ్చు. కానీ ఒడ్డున ఉన్న ఇనుముకి ఎప్పటికీ పెయింటు, కాపలా, డబ్బు కావాలి. పైగా దీని అడుగుకి బాంబు కన్నాలు. చివరికి మాతౌరి బే అనే చోట, కవల్లి దీవుల దగ్గర, సముద్రంలోనే ముంచి చేపలకి ఇల్లు చేద్దామని నిర్ణయించారు. అక్కడి మావోరి తెగ నాటి కురా వాళ్ళు ఆ నీళ్ళకి కాపలాదారులు. వాళ్ళ ఒప్పుదలతో, వాళ్ళ పద్ధతిలో, 1987 డిసెంబర్ 12న ఓడకి సాగనంపు జరిగింది. చుట్టూ చిన్న పడవలు, మధ్యలో ఈ ఓడ నెమ్మదిగా దిగిపోయింది.

ఓడ మునిగితే రీఫ్ ఎలా అవుతుంది? సముద్రం అడుగున ఇసుక అంటే మన ఎడారి లాంటిదే. పగడపు జాతులు, స్పాంజీలు, నాచు, వీటి పిల్లలు నీళ్ళలో తేలుతూ ఉంటాయి, పట్టుకోవడానికి గట్టి ఉపరితలం కావాలి. ఇసుక మీద నిలవలేవు. ఇనుప ఓడ దొరికితే పట్టేసుకుంటాయి. వాటిని తినడానికి చిన్న చేపలు, చిన్నవాటి కోసం పెద్దవి. గదులు, కిటికీలు అన్నీ దాక్కునే చోట్లు. అయితే ఊరికే ముంచేస్తే అది చెత్త పారేయడమే అవుతుంది. ఇలాంటి పనిలో ముందుగా ఆయిల్, డీజిల్ మొత్తం తీసేస్తారు. వైర్లు, తాళ్ళు, తేలే సామాను తీసేస్తారు. లోపల గాలి ఇరుక్కుని ఓడ పక్కకి దొర్లిపోకుండా, తర్వాత డైవర్లు ఇరుక్కుపోకుండా కన్నాలు కోస్తారు. ఈ ఓడ స్తంభాలు ముందే తీసి డార్గవిల్ అనే ఊరి మ్యూజియం బయట నిలబెట్టారు. ఫ్యాన్ మాతౌరి బే కొండ మీద, శిల్పి క్రిస్ బూత్ కట్టిన రాతి స్మారకంలో ఉంది.

ఇప్పుడు డైవ్ చేస్తే ఏం కనిపిస్తుంది? ముక్కు భాగం ఫేమస్. ఓడ కొంచెం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. మొదట చూస్తే అంతా నీలం బూడిద రంగు. నీళ్ళు ఎరుపు రంగుని మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తాయి, అందుకే. టార్చ్ వేయగానే మారిపోతుంది: గులాబీ, ఊదా, నారింజ. ఇవి జ్యువెల్ ఎనిమోన్లు. పువ్వుల్లా ఉంటాయి కానీ మొక్కలు కావు, జంతువులు. ఒక్కోటి రెండుగా చీలి పెరుగుతుంది కాబట్టి పక్కపక్కనవి ఒకే రంగు ఉంటాయి, ఎవరో డబ్బాలతో ప్యాచ్‌లుగా రంగు పూసినట్టు. మధ్యలో స్నాపర్లు, మోరే ఈల్స్.

వెళ్ళొచ్చా అంటే, వెళ్ళొచ్చు. బే ఆఫ్ ఐలండ్స్ వైపు నుంచి డైవింగ్ బోట్లు ఉంటాయి. కానీ మొదటిసారి డైవ్ చేసేవాళ్ళకి కాదు. స్కూబాలో మొదటి సర్టిఫికెట్, ఓపెన్ వాటర్, 18 మీటర్ల వరకే. ఇక్కడ అడుగు 26 మీటర్లు కాబట్టి అడ్వాన్స్‌డ్ కావాలి. ఆ లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి మూడున్నర రెట్లు, అంటే సిలిండర్ గాలి కూడా మూడున్నర రెట్లు స్పీడుగా అయిపోతుంది. ఒంట్లో నైట్రోజన్ పేరుకుంటుంది కాబట్టి అడుగున ఇరవై నిమిషాలకి అటూ ఇటూ మాత్రమే, తర్వాత నెమ్మదిగా ఆగుతూ పైకి రావాలి. నేర్చుకోవడం మొదలుపెట్టాలంటే న్యూజిలాండ్ దాకా అక్కర్లేదు, వైజాగ్ రుషికొండలోనే స్కూబా నేర్పేవాళ్ళున్నారు.

ఇంకో మాట. లోపలికి దూరకండి. ఉప్పు నీళ్ళలో మూడున్నర దశాబ్దాలు దాటిన ఇనుము. పైన ఎనిమోన్లు పూలతోటలా ఉన్నా, కింద రేకు పలచబడిపోయింది, కొన్ని భాగాలు ఇప్పటికే కూలాయి. మీ బుడగలు తగిలినా తుప్పు రాలుతుంది. గుర్తుగా ముక్క తెచ్చుకుందాం అనే ఆలోచన అసలు వద్దు. అది ఒక మనిషి చనిపోయిన ఓడ, పైగా నాటి కురా వాళ్ళ కాపలాలో ఉంది.

ఆక్లండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళు ఎవరైనా చూస్తుంటే, ఈత రాకపోయినా పర్లేదు. మాతౌరి బే దాదాపు నాలుగు గంటల డ్రైవ్. కొండెక్కితే ఫ్యాన్ చూడొచ్చు, అక్కడి నుంచి కవల్లి దీవులు కనిపిస్తాయి. ఓడ వాటి దగ్గరే, నీళ్ళ కింద ఉంటుంది.

వచ్చే వారం కురుసుర సబ్‌మెరైన్‌ని బీచ్ మీదికి ఎలా లాక్కొచ్చారో మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్.